పొట్నూరు 1516: సైనిక శిబిరం కడుతున్నాం, ఎంత నిక్కచ్చిగా ఉండాలి?

భీమిలి బాటసారి

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో మేం కొద్దిమందిమి కలిసి వచ్చే పుష్యమాసంలో ఒక రోజంతా మధ్యయుగపు సైనిక శిబిరం కట్టాలనుకుంటున్నాం. భీమిలి దగ్గర ఒక స్నేహితుడు తన కొబ్బరితోట ఇస్తానన్నాడు. ఎంచుకున్న ఏడాది 1516. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి వరసగా ఒడిశా ఏలిన గజపతుల చేజారాక కృష్ణదేవరాయల సేన ఉత్తరానికి నడిచి మన సింహాచలం దాకా వచ్చిన ఏడాది అది. రాయలు మన భీమిలికి దగ్గర్లోని పొట్నూరులో జయస్తంభం నాటించి, చిన్నాదేవి, తిరుమలదేవులతో కలిసి సింహాద్రినాథుణ్ణి దర్శించుకుని, 991 ముత్యాల కంఠమాల సమర్పించిన సంగతి కొండమీది శాసనాల్లోనే ఉంది. మన ఊళ్లో పుట్టిపెరిగిన పిల్లలకి హంపీ తెలుసు గానీ పొట్నూరు అంటే ఎక్కడ అని అడుగుతారు. ఈ పనికి దిగడానికి నాకున్న కారణం అదే.

రాజు వేషం ఉండదు, సింహాసనం ఉండదు. కాలిబంటులు, వంటవాళ్లు, గుర్రాల కాపర్లు, తాటాకు మీద గంటంతో లెక్కలు రాసే కరణం, అంతే. చూడ్డానికి వచ్చినవాళ్లు మా మధ్య తిరుగుతూ ప్రశ్నలు అడగొచ్చు.

ఇప్పుడు మాలో రెండు మాటలు నడుస్తున్నాయి. బట్ట, కుట్టు, చెప్పు, గిన్నె దాకా ఆధారం ఉన్నదే వాడాలని కొందరు. దూరం నుంచి చూస్తే బాగుంటే చాలని కొందరు. నేను మొదటి పక్షం. అయినా అందరి మాటా విని నిర్ణయించాలని ఇక్కడ పెడుతున్నాను. వివరంగా రాయండి.

ఉక్కునగరం

అన్నా, ఆలోచన చాలా బాగుంది. కానీ మొదటిసారే అంత బిగిస్తే మనుషులు మిగలరు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారం పూట వచ్చే కుర్రాళ్లు మనవాళ్లు. ఒక్క కవచమే తీసుకోండి. రింగు రింగుకీ రివెట్ కొట్టిన గొలుసు కవచానికీ, రింగుల కొసలు ఊరికే దగ్గరకి నొక్కేసిన దానికీ ధరలో బోలెడు తేడా. పది అడుగుల దూరం నుంచి ఏది ఏదో ఎవరికీ తెలియదు. యూరప్ వాళ్లు తొడిగే కవచాల్లో కొన్ని డెహ్రాడూన్ లాంటి మన ఊళ్లలోనే తయారవుతాయి. అక్కడినుంచి ఒకటి తెప్పించుకుంటే తప్పేంటి? ముందు జనాన్ని రప్పిద్దాం. ఇష్టం కుదిరాక వాళ్లే నేర్చుకుంటారు.

గాజువాక టు గ్దాన్స్క్

నేను పోలండ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ గ్రున్‌వాల్డ్ యుద్ధాన్ని ఏటా జులైలో అదే పొలాల్లో మళ్లీ ఆడతారు. అసలు యుద్ధం 1410 జులై 15న జరిగింది. ఏటా ఆడే పద్ధతి 1998 నుంచి సాగుతోంది. ఎదురెదురుగా నిలబడిన గుర్రాల బారులు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం యుద్ధం కాదు, పక్కనున్న గుడారాలు. అక్కడ ఒకావిడ ఉన్ని వడుకుతూ ఉంటుంది. అడిగితే ఆ కదురు ఏ తవ్వకంలో దొరికినదానికి నకలో చెబుతుంది. నిక్కచ్చిగా ఉండే బృందాల్లో పెద్దవాళ్లు తెల్లారగానే వచ్చి కొత్తవాళ్ల చెప్పులు, బెల్టు, కళ్లజోడు చూస్తారు. ఆ కాలానికి పొసగనిది ఏదైనా ఉంటే మర్యాదగానే పక్కన పెట్టిస్తారు.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. అమెరికాలో 1966లో బర్క్‌లీలో మొదలైన ఒక పెద్ద సంఘం పేరులోనే కాలవిరుద్ధం అన్న మాట పెట్టుకుంది. పేము కర్రలతో పోరాడతారు, తమకి నచ్చిన కాలం ఎంచుకుంటారు. ఆ కాలపు వేషం వేసే ప్రయత్నం కనిపిస్తే చాలంటారు. వాళ్లు అబద్ధం ఆడట్లేదు, తాము చేసేది ఏమిటో ముందే చెప్పేశారు.

ఇక్కడివాళ్లకి ఉన్న వసతి మనకి లేదు. స్వీడన్‌లో వీస్బీ దగ్గర 1361లో చచ్చిపోయిన సైనికుల్ని కవచాలతో సహా గోతుల్లో పూడ్చారు. తవ్వితే ఇనుప పలకల చొక్కాలు, గొలుసు టోపీలు ఎముకల మీద అలాగే దొరికాయి. కొలతలు తీసుకుని నకలు చేయడమే మిగిలింది. మనం శిల్పం, చిత్రం, శాసనం, విదేశీయుల రాతల మీద ఆధారపడాలి. కాబట్టి అక్కడి నియమాల కాగితం తెచ్చి మన తోటలో అతికిస్తే సరిపోదు. ఉక్కునగరం తమ్ముడూ, డెహ్రాడూన్ కవచంతో చిక్కు ధర కాదు. అది యూరప్ నమూనా. దాన్ని రాయల బంటుకి తొడిగితే పది అడుగుల దూరం నుంచే తప్పని తెలిసిపోతుంది.

శాసనాల మాష్టారు

చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. బట్టల గురించి నాకు తెలిసింది రాస్తాను, పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రాయల రూపానికి మొదటి సాక్ష్యం తిరుమల గుళ్లో ఉంది. ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహం. తలమీద కుల్లాయి, అంటే పొడవాటి టోపీ, ఒంటి మీద నగలు, పైన చొక్కా లేదు. దేవుడి ముందు నిలబడ్డ భక్తుడి రూపం అది. కొలువులో రూపం వేరు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో హంపీ విజయనగరం వచ్చి రాయల్ని దగ్గరగా చూశాడు. బంగారు పువ్వులు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో వజ్రాల హారం, తలమీద జరీ టోపీ అని రాశాడు. కాళ్లకి చెప్పుల్లేవని కూడా రాశాడు. ఒకే మనిషి, రెండు సందర్భాలు, రెండు వేషాలు. రెండూ నిజమే. ‘రాయల కాలపు దుస్తులు’ అని ఒక బొమ్మ గీసి అందరికీ తొడగడం కుదరదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిత్రాలు కావాలంటే లేపాక్షి పోవాలి. అవి అచ్యుతరాయల కాలానివి, అంటే 1516కి ఒక తరం తర్వాతివి. పైకప్పు మీద మగవాళ్లు కబాయి, అంటే పొడవు చేతుల తెల్లని అంగీ, తొడుక్కుని, నిటారు కుల్లాయిలు పెట్టుకుని కనిపిస్తారు. ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పువ్వులు ఎన్ని రకాలో చెప్పలేను. రాయలకంటే ముందే ఈ వేషం ఉంది. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల కొలువుకి వెళ్లినప్పుడు కుల్లాయి పెట్టి, కూర్పాసం (చొక్కా) తొడగాల్సి వచ్చిందని వాపోయిన చాటువు మనందరికీ నోటికొచ్చిందే. అది 15వ శతాబ్దం.

కానీ మీరు కడుతున్నది కాలిబంటులు. వాళ్లకి కబాయి ఎందుకు? వీరగల్లులు, అంటే చచ్చిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన శిల్పాల రాళ్లు, చూడండి. ఊరి గొడవలోనో, పశువుల్ని కాపాడుతూనో చచ్చిపోయిన మనిషి గోచీ బిగించి, జుట్టు ముడివేసి, కత్తీ డాలూ పట్టుకుని ఉంటాడు. శిల్పి వీరుణ్ణి అందంగా చూపడానికి ఒంటిమీది బట్ట తగ్గించి ఉంటాడన్నది నిజమే, అది మనసులో పెట్టుకునే చూడాలి. పేస్ కవాతులో చూసిన పటాలం మాత్రం దూది కుట్టిన మందపాటి అంగీల్లో ఉంది. గుర్రపు రౌతుల అంగీల్లో గట్టి తోలు పొరలు, ఇనుప రేకులు కూడా ఉన్నాయట. పండుగ కవాతుకి వేసుకున్నవి దండయాత్రలో ప్రతి బంటుకీ ఉంటాయని అనుకోకూడదు. నా సలహా అడిగితే ఎక్కువమంది పంచె, తలపాగా, నడికట్టుతో ఉండండి. ఇద్దరు ముగ్గురు నాయకుల కింది బంట్లకి దూది అంగీ పెట్టండి. గొలుసు కవచం అసలు వద్దు. ఖర్చు సమస్య కూడా తీరిపోతుంది.

చెప్పుల గురించి టెన్షన్ పడకండి. దేశంలో దాదాపు అందరూ ఒట్టి కాళ్లతోనే తిరుగుతారని పేసే రాశాడు. అట్ట మీద పట్టీలున్న చెప్పులూ చూశాడు. తోలు అట్ట, రెండు పట్టీలు, చాలు.

రాయల అభిమాని

మాష్టారికి నమస్కారం. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. కబాయి, కుల్లాయి తురుష్కుల వేషం కదండీ. సుల్తానులతో పోరాడిన రాజ్యం అది. మన పిల్లలకి రాయల మనుషుల్ని ఆ బట్టల్లో చూపిస్తే ఏం అర్థమవుతుంది? పంచె, ఉత్తరీయం, కిరీటం చూపిస్తే మన సంస్కృతి తెలుస్తుంది. కొంచెం సర్దుకుంటే నష్టం లేదనిపిస్తోంది.

శాసనాల మాష్టారు

నాయనా, నష్టం ఉంది. నువ్వు సర్దుదామంటున్నది రాయలు తానే ఎంచుకున్న బట్టల్ని. ఆ కుల్లాయి పెట్టుకునే తిరుమలేశుడి ముందు నిలబడ్డాడు. ఆయన సిగ్గుపడనిదానికి మనం ఎందుకు సిగ్గుపడాలి?

విజయనగర రాజులు 14వ శతాబ్దం నుంచే శాసనాల్లో ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు పెట్టుకున్నారు. హిందూ రాజుల్లో సుల్తాను అని. ఆనాడు అరేబియా నుంచి దక్కను దాకా పెద్ద కొలువుల్లో గౌరవంగా ఒప్పుకున్న వేషం అది. గుర్రాలు హొర్ముజ్ నుంచి ఓడల్లో దిగేవి. రాయబారులు పర్షియా నుంచి వచ్చేవారు. అలాంటి కొలువులో నిలబడటానికి ఆ దుస్తులు తొడిగారు, గుడికి వెళ్లేటప్పుడు తీసేశారు. ఫిలిప్ వాగనర్ అనే పరిశోధకుడు 1996లో దీని మీద వివరంగా రాశాడు. పిల్లలకి ఇదే చెప్పు. పెద్ద రాజ్యమంటే ఎంత విశాలంగా ఉంటుందో వాళ్లకి అర్థమవుతుంది.

పొందూరు నూలు

మాది నేత కుటుంబం. అమ్మ, పిన్ని ఇప్పటికీ రాట్నం మీద కూర్చుంటారు. బట్ట సంగతి నేను చెబుతాను.

బజారులో ‘కాటన్’ అని అమ్మేదాంట్లో పాలిస్టర్ కలిసినదీ ఉంటుంది. అది తొడుక్కుని ఎండలో నిలబడితే మెరుపు వస్తుంది, ఫొటోలో వెంటనే పట్టేస్తుంది. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లకి అది ప్రమాదం కూడా, నిప్పు పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, వడికి నేస్తారు. మిల్లు బట్టకి రాని మెత్తదనం, చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు దానికి ఉంటాయి. అందరికీ సన్ననూలు అక్కర్లేదు. బంటులకి మోటు ఖద్దరే సరైనది, ధర కూడా తక్కువ. కరణానికి ఒక్కడికి సన్నంచు పంచె తీసుకోండి.

రాట్నం గురించి ఎవరైనా అడిగితే చెప్పండి. మన దేశంలో అది 14వ శతాబ్దానికి కనిపిస్తుంది. 1516 శిబిరానికి రాట్నపు నూలు పర్వాలేదు. ఎప్పుడైనా సింహాచలం గుడి కట్టిన 13వ శతాబ్దం చేస్తే మాత్రం చేతి కదురే పట్టాలి.

రంగుల్లో చాలామంది తప్పుతారు. మొదటి రసాయన రంగు 1856లో వచ్చింది. ఆ ముందు ఎరుపంటే మన తీరంలో చిరివేరు, లేదా లక్క. నీలం నీలిమందు, పసుపుకి పసుపే, నలుపుకి కరక్కాయా ఇనుమూ. ఈ రంగులన్నీ పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఒక్క రసాయన గులాబీ రంగు మధ్యలో పడితే మిగతావన్నీ వెలవెలబోతాయి. అద్దకం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఏటికొప్పాక వెళ్లి బొమ్మల మీద లక్కతో పట్టించే సహజ రంగులు చూసి రండి. కర్ర మీద వేసేవి బట్టకి నేరుగా పనికిరావు గానీ ఏ ఆకులో, ఏ గింజలో ఏ రంగుందో కళ్లకి అలవాటవుతుంది.

కుట్టు చేత్తోనే వేయండి. పైకి కనిపించే అంచులైనా సరే. కుట్టుమిషన్, పిన్నీసు రెండూ 19వ శతాబ్దానివే. పంచెకి పిన్నీసు పెట్టుకునేవాళ్లు నడికట్టు గట్టిగా బిగించడం నేర్చుకుంటే దాంతో పనే ఉండదు.

ఉక్కునగరం

అక్కా, మోటు ఖద్దరు, చేతికుట్టు అయితే నేను సిద్ధం. కవచం లేకపోతే మా కుర్రాళ్లు కొంచెం డీలా పడతారు గానీ మాష్టారు చెప్పింది సబబుగానే ఉంది. దూది అంగీ ఎలా కుట్టాలో చెప్పేవాళ్లుంటే అది మేం మీదేసుకుంటాం.

అడ్డాకు విస్తరి

శిబిరంలో వంట నాది. ఇక్కడ నేను ఎవరి మాటా వినను, ముందే చెబుతున్నాను.

మిరపకాయ ఉండదు. పచ్చిదీ ఎండుదీ రెండూ. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసులు 1498లో కాలికట్ చేరారు, 1510లో గోవా పట్టారు. 1516లో పొట్నూరు దగ్గర బంటు కూటిలో మిరప కలపడానికి వీల్లేదు. టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ, మొక్కజొన్న, జీడిపప్పు, జామ, బొప్పాయి అన్నీ అదే దారిన తర్వాత వచ్చినవే. కారానికి మిరియాలు, పిప్పళ్లు, శొంఠి. పులుపుకి చింతపండు, మామిడి. నూనె నువ్వులది. చోడి అంబలి, జొన్న సంకటి, ఉలవచారు, పెసరపప్పు, చేపలు, మజ్జిగ. మిరియాల పులిహోర చేసి పెడతాను, తిన్నాక మాట్లాడండి. గుర్రాలకీ మనుషులకీ ఇద్దరికీ ఉలవలే అని చెబితే పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వులోనే గుర్తుండిపోతుంది.

గిన్నెలు: కుండలు, కంచు, ఇత్తడి. బుడితి ఇత్తడి సామాను ఎవరింట్లో పాతది ఉన్నా తీసుకురండి. స్టీలు 20వ శతాబ్దం, అల్యూమినియం వంటింట్లోకి వచ్చింది 19వ శతాబ్దం చివర. తినడానికి మన ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు. వాటికి ప్లాస్టిక్ పొర అతికించి అమ్ముతున్నారు, అవి కొనొద్దు.

ఇంకొకటి. ఎవరో తోరణాలకి బంతిపూలు తెస్తామన్నారు. వద్దు! బంతి మెక్సికో నుంచి వచ్చింది. మామిడాకులు, కొబ్బరిమట్టలు, తామరలు, మల్లెలు చాలు. మన గుమ్మాలకి బంతి అంత పాతదనిపిస్తుంది, అందుకే మొదట దీన్నే చెప్పాలి జనానికి. ఫొటోల్లో వెనకాల సరుగుడు తోపు పడకుండా చూసుకోండి, ఈ తీరంలో దాన్ని 19వ శతాబ్దంలో నాటారు.

మధురవాడ అమ్మ

మా అమ్మాయికి 17 ఏళ్లు, కర్రసాము నేర్చుకుంటోంది. ఈ చర్చ మొదటినుంచీ చదివి, నాకు డాలు ఇస్తారా లేక వంట దగ్గరే కూర్చోబెడతారా అని అడిగింది. నిక్కచ్చితనం పేరు చెప్పి ఆడపిల్లల్ని పొయ్యి దగ్గరికి పంపే పనైతే మేం రాం. ఏం చెబుతారు?

శాసనాల మాష్టారు

అమ్మా, మంచి ప్రశ్న. రాయల అంతఃపురంలో కత్తీ డాలూ తిప్పే స్త్రీలు, కుస్తీ పట్టే స్త్రీలు ఉన్నారని పేస్ రాశాడు. ఆయన తర్వాత 1535 ప్రాంతంలో రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లోపలి ఖర్చుల లెక్కలన్నీ స్త్రీలే రాసేవారని చెప్పాడు. అంటే మన కరణం గంటం పట్టిన స్త్రీ అయినా బాగుంటుంది. ఇంకా వెనక్కి వెళితే రుద్రమదేవి ఉండనే ఉంది. ఆవిడ మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతోంది. పక్కన ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడి పేరూ ఉంది.

అయితే పేస్ చెప్పింది కోట లోపలి స్త్రీల గురించి, కాలిబలం గురించి కాదు. ఆ తేడా మాత్రం చెరిపేయొద్దు.

భీమిలి బాటసారి

అమ్మా, మీ అమ్మాయి డాలు పట్టుకుంటుంది. సాము ప్రదర్శనలో ఎవరికి చేతనైతే వాళ్లు దిగుతారు. దేవేరులు కూడా ఈ యాత్రలో వచ్చారు కాబట్టి వాళ్ల కావలి బృందంగా కొందరు స్త్రీలని పెడదాం. ఆ పక్కనే, పేస్ చూసింది అంతఃపురంలో, దండులో ఇలా పెట్టడం మా ఊహ అని పెద్ద అక్షరాలతో పలక మీద రాద్దాం. ఊహించడం తప్పు కాదు. ఊహని సాక్ష్యంలా అమ్మడం తప్పు. రాత్రంతా ఆలోచిస్తే ఈ చర్చలో నాకు తేలిన మాట ఇదే. పొందూరు గారి నూలైనా, మన కావలి స్త్రీలైనా, ఇది దేన్ని బట్టి అని అడిగితే అక్కడ నిలబడ్డ మనిషి జవాబు చెప్పగలగాలి.

కర్రసాము గురువు

సాము నేర్పేవాణ్ణి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో పండుగలకి కర్ర తిప్పడం ఇంకా బతికే ఉంది. ఇది 500 ఏళ్ల నాటి యుద్ధవిద్య అని మైకులో చెప్పమని నన్ను ఇదివరకే అడిగారు. నేను చెప్పను. మా గురువుల దాకా నాకు తెలుసు, వాళ్ల గురువుల దాకా విన్నాను. రాయల బంటు ఇలాగే అడుగు వేశాడని నేనెలా ప్రమాణం చేస్తాను? యూరప్‌లో 15వ శతాబ్దం మొదట్లో ఫియోరె అనే ఇటలీ గురువు బొమ్మలతో సహా కత్తిసాము రాసి పెట్టాడు. వాళ్లు దాన్ని చూసి ఒక్కో అడుగూ మళ్లీ కట్టుకుంటున్నారు. మన విద్య ఒంటినుంచి ఒంటికి వచ్చింది. దాని విలువ దానికుంది, ఇంకో పేరు తగిలించనక్కర్లేదు.

ఒకప్పుడు నటరాజ రామకృష్ణగారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. జాయపసేనాని గ్రంథం, రామప్ప గుడి శిల్పాలు ముందు పెట్టుకుని చేసిన పని అది. శిల్పంలో ఉన్నది ఆగిపోయిన భంగిమ. ఒక భంగిమ నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలన్నది ఆయన సాధన. అందులో చిన్నతనం ఏమీ లేదు. మనమూ డాలు పట్టే తీరు శిల్పం నుంచి తీసుకుని, కదలిక మాది అని చెప్పుకుందాం.

పనికొచ్చే మాటలు కొన్ని. పదునున్న కత్తి ఒక్కటి కూడా రాకూడదు. అలుగు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉంటే ఆయుధాల చట్టం గొడవలు వస్తాయి. స్టేషన్‌కి ముందే వెళ్లి కాగితం ఇచ్చి మాట్లాడండి. సాముకి కర్ర, పేము మాత్రమే. బల్లెం మొనలు తోలుతో గానీ చెక్కతో గానీ చేసి రంగు వేయండి. ప్రదర్శనకి పెట్టే కత్తి తాడు కట్టి ఉండాలి, జనం చేతికి ఇవ్వకూడదు.

దూది అంగీ తొడిగినవాళ్లు పావుగంటకి మించి సాము చేయొద్దు. మన సముద్రపు గాలిలో ఉక్కపోతకి చెమట ఆరదు, పుష్యంలో కూడా. కళ్లు తిరిగేదాకా ఎవరూ చెప్పరు, అందుకే ఇద్దరిద్దర్ని జత కట్టి ఒకరినొకరు చూసుకోమనండి.

శాసనాల మాష్టారు

గురువుగారి మాటకి ఒకటి చేరుస్తాను. రాయచూరు మీదికి వెళ్లిన రాయల దండులో నీటితిత్తులు మోసేవాళ్లు వేలమంది ఉన్నారని, దప్పికతో ఎవరూ పడిపోకుండా దారి పొడుగునా నిలబడ్డారని నూనిజ్ రాశాడు. మన శిబిరంలో నలుగురికి తోలుతిత్తులిచ్చి తిప్పండి. వేషానికి వేషం, మనుషులకి రక్షణ. తిత్తిలో పోసేది మాత్రం మినరల్ వాటరే కానీయండి.

తుపాకుల గురించి ఎవరో విడిగా మెసేజ్ పెట్టారు. రాయచూరు దగ్గర పోర్చుగీసు తుపాకులవాళ్లు సాయపడింది 1520లో. మనం 1516లోనే ఉందాం.

కారెంపూడి కోడలు

అత్తవారిది పల్నాడు, ఉండేది సీతమ్మధారలో. మీరంతా ఇది కొత్త పని అన్నట్టు మాట్లాడుతున్నారు. మా కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరారాధన అయిదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని మళ్లీ తలుచుకోవడమే అది. వీరుల ఆయుధాలు మోసేవాళ్లకి ఒంటి మీదికి పూనకం వస్తుంది. అక్కడ బట్ట ఏ నూలుది అని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అది మొక్కు.

అందుకే ఒక మనవి. మీ శిబిరంలో దేవుణ్ణీ పూజనీ వేషంగా కట్టొద్దు. సింహాద్రి అప్పన్న ఇప్పుడు కూడా మన దేవుడే కదా. రాయలు కంఠమాల ఇచ్చిన సంగతి చెప్పండి చాలు, గర్భగుడి సెట్టింగ్ వేయొద్దు.

భీమిలి బాటసారి

తప్పకుండా. ఆ ఆలోచన ఒకరికి ఉండేది, ఇక ఉండదు.

ఇచ్ఛాపురం రైలు

చాలా ఆలస్యంగా చూశాను, కానీ ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. గజపతుల వైపు ఎవరు నిలబడతారు?

ఇక్కడ అందరూ రాయల దండునే కడుతున్నారు. కానీ 1516లో ఈ నేల మనుషుల పక్షాన నిలబడి చూస్తే వచ్చినవాడు రాయలు, ఉన్నవాడు ప్రతాపరుద్ర గజపతి. అంతకుముందు సింహాచలాన్ని ఇప్పుడున్న రూపంలో కట్టించింది తూర్పు గాంగులు. కోణార్క కట్టించిన నరసింహదేవుడి కాలంలో మొదలైన పని, 1268 నాటి శాసనంలో దాని సంగతి ఉంది. ఆ గోడల మీద తెలుగు శాసనాలు, సంస్కృతం, ఒడియా, తమిళం అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో అమ్మమ్మ ఒడియాలో లాలిపాటలు పాడేది, తాతయ్య తెలుగులో లెక్కలు రాసేవాడు. కళింగాన్ని గెలిచాం అని మైకులో అరిస్తే మేం ఎక్కడ నిలబడి చప్పట్లు కొట్టాలి?

సాముకి రెండు జట్లు ఎలాగూ కావాలి. రెండో జట్టుకి ముఖం, పేరు, కూడు ఇవ్వండి. దుర్మార్గుల్లా నల్లబట్టలు మాత్రం తొడగొద్దు. శాంతి కుదిరాక గజపతి కూతుర్ని రాయలు పెళ్లాడాడు. ఆ సంగతి కూడా చెప్పండి.

శాసనాల మాష్టారు

నూటికి నూరుపాళ్లు నిజం. ఇంత పొడుగు చర్చలో బట్ట గురించి, మిరపకాయ గురించి ఇంత పట్టుదలగా మాట్లాడుకున్నాం. ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. గజపతుల బంటుకి కోణార్క అధిష్ఠానం మీది సైనికుల బారులు చూడొచ్చు, కానీ అవి 13వ శతాబ్దానివి. రెండున్నర శతాబ్దాల ఎడం ఉంది. పలక మీద అది రాయాలి.

రాయల అభిమాని

ఆ జట్టులో నేను నిలబడతాను. రాయల మీద అభిమానం ఉన్నవాణ్ణి అటువైపు నిలబడితేనే బాగుంటుందనిపిస్తోంది. ఇచ్ఛాపురం గారూ, ఒడియాలో కొన్ని మాటలు నేర్పుతారా? పలకరింపులు, నీళ్లు అడగడం లాంటివి చాలు.

భీమిలి బాటసారి

ఇక పనిలోకి దిగుదాం. పొందూరు గారూ, మోటు ఖద్దరు ఎన్ని మీటర్లు కావాలో లెక్క వేసి పంపుతాను, సంక్రాంతి రద్దీ మొదలవకముందే నేతవాళ్లకి చెప్పండి. ఉక్కునగరం తమ్ముడూ, దూది అంగీ ముందు ఒక్కటి కుట్టి తొడిగి చూపించు, అది బాగుంటేనే మిగతావి. విస్తరి గారికి వంటలో పూర్తి అధికారం. పలకల మీది మాటలు మాష్టారు చూస్తారు. ప్రతి పలక మీద వస్తువు పేరు, దేన్ని బట్టి చేశాం, ఎక్కడ ఊహించాం, ఈ మూడూ ఉండాలి.

తేలనిది డాలు ఒక్కటే. గుండ్రటిదా, అంచు వంపు ఎంత, పిడి లోపల ఒకటా రెండా? తోలు కొనేముందు ఇది తేలాలి.

మధురవాడ అమ్మ

మా అమ్మాయి శనివారం సింహాచలం వెళ్తోంది. గుడి బయటి గోడ మీద బంటుల బొమ్మలున్న చోటల్లా డాలు ఏ చేతికి ఉంది, మనిషి ఎత్తులో ఎన్నో వంతు ఉంది చూసి బొమ్మ గీసుకొస్తానంటోంది. మాష్టారూ, తూర్పు వైపు నుంచి మొదలుపెట్టమంటారా?

శాసనాల మాష్టారు

నేనూ వస్తాను తల్లీ. ఏడింటికల్లా కొండ దిగువ బస్టాండ్ దగ్గర ఉంటాను. కొలిచే టేపు, పెన్సిలు తెమ్మనండి. 13వ శతాబ్దపు గోడ మీదిది 1516కి ఎంతవరకు పనికొస్తుందో అక్కడే నిలబడి మాట్లాడుకుందాం.